నేల విడువని సాము
(యాదృచ్ఛిక కలన గణితానికి పునాదులు పడిన కథ)

నేల విడిచి సాము చేయరాదని పెద్దల మాట. గణితశాస్త్రంలో ఈ మాటకు చక్కని ఉదాహరణగా నిలిచే శాఖ ఒకటి ఉన్నది. దానిని యాదృచ్ఛిక కలన గణితం అంటారు. స్టొకాస్టిక్ కాల్‌క్యులస్ అన్న ఆంగ్లనామం కొందరు శ్రోతలకు పరిచితమై ఉండవచ్చు. ముందుగా ఊహింపరాని విధంగా క్షణక్షణం అటూ ఇటూ కదిలే రాశుల మార్పును లెక్కకట్టే విద్య ఇది. నీటిలో తేలే సూక్ష్మరేణువు కదలిక, వాటాల విపణిలో ధరల ఒడిదుడుకులు, విద్యుత్సంకేతాలలో కలిసివచ్చే రొద, ఇవన్నీ దీని పరిధిలోనివే. నేడు బ్యాంకులలోను, బీమా సంస్థలలోను, పరిశోధనశాలలలోను ఈ విద్యకు గిరాకీ ఉన్నది. అందుచేత దీనిని నేర్వగోరి గ్రంథం తెరిచే విద్యార్థులు పలువురు. వారిలో కొందరికి మొదటి అధ్యాయంలోనే అడ్డు తగులుతుంది. సమితులు, కొలత, సమాకలనం, సంభావ్యతా స్వీకృతాలు అంటూ పుటల తరబడి సాగే పీఠికను చూచి, “ఇదంతా ఎందుకు? సూత్రం చెప్పండి, లెక్క కట్టుకుంటాము” అంటారు.

ఈ ప్రశ్న న్యాయమైనదే. దానికి సరియైన సమాధానం చరిత్రలో దొరుకుతుంది. ఆ పీఠికలోని ఒక్కొక్క భాగమూ, అది లేక పని ఆగిపోయిన చోట, ఎవరో ఒకరు పూనుకొని కట్టినది. అలా కట్టడానికి 1827 మొదలు 1942 దాకా 115 సంవత్సరాలు పట్టినది. ఆ కథ తెలిస్తే పీఠికలోని ఏ భాగం ఎందుకున్నదో తెలుస్తుంది.

న్యూటన్, లైబ్నిట్జ్ 17వ శతాబ్దంలో ఏర్పరచిన కలన గణితం నునుపైన మార్పును కొలిచే విద్య. విసరిన బంతి దారిని, గ్రహాల గతిని, పొయ్యి మీది నుంచి దించిన పాలు చల్లారే తీరును అది చక్కగా వర్ణిస్తుంది. దానికి కీలకాలు రెండు. ఎంత వంకరగీతనైనా తగినంత దగ్గరగా చూచినప్పుడు అందలి చిన్న తునక సరళరేఖ వలె కనిపించాలి. ఆ రేఖ వాలే ఆ క్షణంలోని వేగం. ఇది మొదటిది. అత్యల్పమైన రాశి వర్గాన్ని లెక్కలో విడిచిపెట్టవచ్చునన్నది రెండవది. వేయింట ఒక వంతును మరల వేయింట ఒక వంతుతో గుణిస్తే పదిలక్షలలో ఒక వంతు అవుతుంది. దానిని వదలివేస్తే వచ్చే నష్టం లేదు. ఈ రెండు కీలకాలను నమ్ముకొని గణితజ్ఞులు రెండు శతాబ్దాలు నిశ్చింతగా నడచినారు.

1827 వేసవిలో స్కాట్లండు దేశీయుడైన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ ఒక పూలమొక్క పుప్పొడిని నీటిలో వేసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించినాడు. పుప్పొడి గింజలలోని అతిసూక్ష్మ రేణువులు నీటిలో ఒక్క క్షణమైనా నిలువక గంతులు వేస్తున్నవి. కిటికీ సందున పడే సూర్యకిరణంలో ఆడే ధూళికణానికి మన పూర్వులు త్రసరేణువని పేరు పెట్టినారు. కాని ఆ ధూళి కదలికలో గాలి పాలు ఎక్కువ. బ్రౌన్ చూచిన కదలిక నీటి ప్రవాహం వల్ల వచ్చినది కాదు. ప్రాణశక్తి వల్లనేమో అని అనుమానించి, ప్రాణం లేని పదార్థాలను కూడ పొడిచేసి పరీక్షించినాడు. ఈజిప్టులోని స్ఫింక్స్ శిలావిగ్రహం నుంచి వచ్చిన రాతితునక పొడి కూడ అలాగే ఆడినది. కారణం అతనికి అంతుపట్టలేదు. చూచినదానిని చూచినట్లు 1828లో ప్రకటించి ఊరుకున్నాడు. ఆ కదలికకు బ్రౌనియన్ చలనమని పేరు నిలిచినది.

ఈ చలనానికి గణితరూపం మొదట దొరికినది ప్రయోగశాలలో కాదు, ధనవిపణిలో. లూయీ బాషెలియే అనే ఫ్రెంచి యువకుడు 1900 మార్చి 29న పారిస్‌లో ఒక సిద్ధాంతవ్యాసాన్ని సమర్పించినాడు. పారిస్ బూర్స్‌లో, అంటే అక్కడి ధనవిపణిలో, ధరలు హెచ్చుతగ్గులు పొందే తీరు దాని విషయం. పరీక్షకులలో మహాగణితజ్ఞుడు ఆన్రీ పాంకరే ఒకడు. ధర తరువాతి క్షణంలో పెరగడానికీ తరగడానికీ సమానావకాశమున్నదని అనుకుంటే, కాలం గడిచిన కొద్దీ ధర మొదటి స్థానం నుంచి ఎంత దూరం పోగలదని బాషెలియే ప్రశ్నించుకున్నాడు. ఆ దూరం కాలంతో సమంగా పెరగదనీ, కాలం వర్గమూలంతో పెరుగుతుందనీ తేల్చినాడు. నాలుగు రోజులలో ధర చెదిరే మేర ఒక రోజు మేరకు నాలుగింతలు కాక రెండింతలే.

ఐదేండ్ల తరువాత, 1905లో, ఐన్‌స్టీన్ ఈ వర్గమూల నియమాన్నే నీటిలోని రేణువులకు సాధించినాడు. అతనికి బాషెలియే వ్యాసం సంగతి తెలియదు. నీటి అణువులు అన్నివైపుల నుంచి ఢీకొనడం చేత రేణువు కదులుతున్నదనీ, ఆ కదలికను కొలిస్తే అణువుల లెక్క తెలుస్తుందనీ అతని వాదం. పోలెండు శాస్త్రజ్ఞుడు స్మొలుకోవ్‌స్కీ 1906లో వేరొక మార్గాన ఇదే నిర్ణయానికి వచ్చినాడు. ఫ్రాన్సులో జాన్ పెరిన్ 1908 నుంచి ప్రయోగాలు చేసి దీనిని స్థిరపరచినాడు. అణువులు నిజంగా ఉన్నవా అన్న సందేహం దీనితో తీరిపోయినది. పెరిన్‌కు 1926లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది.

భౌతికశాస్త్రానికి విజయమైన ఈ నియమమే గణితానికి చిక్కు తెచ్చిపెట్టినది. ఒక సెకనులో రేణువు సుమారు ఒక మాత్ర దూరం చెదురుతుందని అనుకుందాము. నూరవ వంతు సెకనులో, వర్గమూల నియమాన్ని బట్టి, అది పదవ వంతు మాత్ర చెదురుతుంది. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం పదింతలైనది. సెకనులో పదివేలవ వంతు తీసుకుంటే వేగం నూరింతలవుతుంది. కాలాన్ని ఎంత చిన్నదిగా తీసుకుంటే వేగం అంతగా పెరిగిపోతుంది. ఒక నిర్ణీతమైన విలువ వద్ద ఎన్నటికీ నిలువదు. కనుక రేణువు దారి ఎక్కడా తెగదు, కాని ఏ క్షణాననూ దానికి వేగమన్నది లేదు. దగ్గరగా చూచిన కొద్దీ సరళరేఖ కనిపించుటకు బదులు మరిన్ని వంకరలు బయటపడుతూనే ఉంటవి. న్యూటన్ విద్యకు మొదటి కీలకం ఇక్కడ పనిచేయలేదు.

అటువంటి గీతలు గణితజ్ఞులకు కొత్తవి కావు. ఎక్కడా తెగకుండా ఉండి, ఎక్కడా వాలు లేని ప్రమేయాన్ని జర్మన్ గణితజ్ఞుడు వైయర్‌ష్ట్రాస్ 1872లోనే బెర్లిన్ అకాడమీ ముందు నిర్మించి చూపినాడు. దానిని చాలమంది వికృతమైన వింతగా భావించి ప్రక్కకు నెట్టినారు. పెరిన్ తాను సూక్ష్మదర్శినిలో గీసిన రేణుపథాలను చూచి, గణితజ్ఞుల ఆ వింత ప్రమేయాలే ఇక్కడ జ్ఞాపకం వస్తున్నవని వ్రాసినాడు. ఇక్కడే విద్యార్థికి మొదటి పాఠం ఉన్నది. అవధి, అవిచ్ఛిన్నత, అవకలనం అన్న మాటలను బొమ్మను చూచి అర్థం చేసుకుంటే సరిపోదు. వాటి నిర్వచనాలను అక్షరాలా పట్టుకొనగలగాలి. ఎందుకంటే ఇక ముందు వచ్చే గీతలకు బొమ్మ గీయడం సాధ్యం కాదు.

రెండవ చిక్కు ఇంతకంటె లోతైనది. నాణెం ఎగురవేస్తే రెండు ఫలితాలు, పాచిక వేస్తే ఆరు ఫలితాలు. వాటి సంభావ్యతను వేళ్ళ మీద లెక్కించవచ్చు. రేణువు నడువగల దారులు అనంతం. వాటిలో ఏ ఒక్క దారికీ ప్రత్యేకంగా సంభావ్యత ఇవ్వబోతే సున్నయే వస్తుంది. మరి సున్నలను కూడితే మొత్తం ఒకటి ఎట్లా అవుతుంది? ఈ చిక్కును విప్పే సాధనం అప్పటికే పారిస్‌లో తయారవుతున్నది. దానిని తయారుచేసినవారి మనసులో రేణువులూ లేవు, ధరలూ లేవు.

ఎమిల్ బొరెల్ 1898లో, ఆన్రీ లెబెగ్ 1902లో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో, కొలత అన్న భావానికి కొత్త అర్థం కల్పించినారు. గీత మీద చెల్లాచెదురుగా ఉన్న బిందువుల సమితికి పొడవు ఎంత అన్నది వారి ప్రశ్న. సున్న మొదలు ఒకటి వరకు గల గీతను తీసుకోండి. దానిపై భిన్నరూపంలో వ్రాయదగిన సంఖ్యలు ఎక్కడ చూచినా ఉన్నవి. కాని వాటిని వరుసగా లెక్కపెట్టవచ్చు. మొదటిదాని మీద పదవ వంతు పొడవు గల గుడ్డపేలిక కప్పండి. రెండవదాని మీద నూరవ వంతు, మూడవదాని మీద వేయవ వంతు, అలా కప్పుకుంటూ పోతే అన్నిటికీ కలిపి తొమ్మిదవ వంతు గుడ్డ చాలును. ఇంకా చిన్న పేలికతో మొదలుపెడితే ఇంకా తక్కువ గుడ్డ చాలును. కనుక ఆ సంఖ్యలన్నిటి మొత్తం కొలత సున్న. గీత మీద కళ్ళు మూసుకొని ఒక బిందువును ఎన్నుకుంటే అది భిన్నం అయ్యే సంభావ్యత సున్న. అయినా ఆ భిన్నాలు లేకపోలేదు. సంభావ్యత సున్న అన్నంత మాత్రాన అసంభవమని అర్థం కాదన్న సూక్ష్మం ఇక్కడ తేటతెల్లమవుతుంది.

లెబెగ్ సమాకలనాన్ని కూడ సంస్కరించినాడు. తన పద్ధతిని అతడే డబ్బు లెక్కతో పోల్చినాడు. జేబులోని నాణేలను చేతికి వచ్చిన వరుసలో తీసి కూడుతూ పోవడం పాత పద్ధతి. రూపాయలన్నీ ఒక ప్రక్క, అర్ధరూపాయలన్నీ ఒక ప్రక్క పేర్చి, ఏ కుప్పలో ఎన్ని ఉన్నవో చూచి లెక్కవేయడం కొత్త పద్ధతి. మామూలు లెక్కలలో రెండింటికీ సమాధానం ఒక్కటే. గతి తప్పి గంతులు వేసే ప్రమేయాలకు మాత్రం రెండవదే నిలుస్తుంది. మన సంతలో పళ్ళ వర్తకుడు సాయంత్రం గల్లాపెట్టె లెక్క చూచే తీరు ఇదే కదా.

ఈ కొలతను రేణుపథాల మీదికి ఎక్కించినవాడు అమెరికా గణితజ్ఞుడు నోర్బర్ట్ వీనర్. 1923లో ప్రకటించిన వ్యాసంలో అతడు ఒక సాహసం చేసినాడు. గీత మీది బిందువులకు కొలత ఇచ్చినట్లే, తెగకుండా సాగే సమస్త పథాల సముదాయానికీ కొలత ఇచ్చినాడు. ఇక్కడ ఒక్కొక్క పథమే ఒక బిందువు. ఒక్కొక్క పథానికి సంభావ్యత సున్న అయినా, పథాల గుంపులకు సంభావ్యత ఉన్నది. బ్రౌనియన్ చలనం అన్నది గణితవస్తువుగా నిజంగా ఉన్నదని నిరూపితమైనది అప్పుడే. ఆ పథాలలో దాదాపు అన్నిటికీ ఏ క్షణాననూ వేగం లేదని పేలీ, జిగ్‌ముండ్‌లతో కలిసి వీనర్ 1933లో నిరూపించినాడు. వైయర్‌ష్ట్రాస్ వింత ఇక్కడ నియమమై కూర్చున్నది. నునుపైన గీతయే వింత అయినది.

అదే 1933లో మాస్కో నుంచి కొల్మొగోరొవ్ సంభావ్యతా శాస్త్రానికి మూలసూత్రాలను జర్మన్ భాషలో ఒక చిన్న పుస్తకంగా వెలువరించినాడు. అప్పటి దాకా సంభావ్యత అంటే ఏమిటో ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెప్పేవారు. కొల్మొగోరొవ్ చెప్పినది సూటిగా ఉన్నది. సంభావ్యత అంటే మొత్తం ఒకటిగా గల కొలత. అనంతంగా సాగే విడివిడి ఘటనల సంభావ్యతలను కూడ కూడవచ్చును. ఇంతవరకు తెలిసిన సమాచారాన్ని బట్టి ఇక ముందు సగటున ఏమి ఆశింపవచ్చునన్న ప్రశ్నకు కూడ అతడు నిర్దుష్టమైన నిర్వచనం ఇచ్చినాడు. యాదృచ్ఛిక కలన గణితానికి ఇదే ఆయువుపట్టు. అక్కడ అడుగడుగునా అడిగే ప్రశ్న ఇదే: ఈ క్షణం వరకు మనకు తెలిసినదేమిటి?

ఉమ్మడి భాష లేకపోతే ఎంత నష్టమో బాషెలియే జీవితం చెబుతుంది. అతని భావాలు సరియైనవే. కాని వాటిని వ్యక్తం చేయడానికి తగిన పరిభాష 1900లో లేదు. అతని వ్రాతలలోని తర్కం చదువరులకు లోపభూయిష్టంగా తోచినది. 1926లో అతడు ఒక విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవికి ప్రయత్నించినప్పుడు, అతని వ్యాసంలో తప్పు ఉన్నదని పాల్ లెవీ అనే ప్రముఖ గణితజ్ఞుడు అభిప్రాయమిచ్చినాడు. ఉద్యోగం చేజారిపోయినది. తరువాత కొల్మొగోరొవ్ 1931లో వెలువరించిన గొప్ప వ్యాసంలో బాషెలియే పేరు కనిపించేసరికి, లెవీ మరల చదివి తన పొరబాటును గ్రహించి అతనికి క్షమాపణ చెప్పుకున్నాడు. లెవీ సామాన్యుడు కాడు, బ్రౌనియన్ చలనాన్ని అతని కంటె లోతుగా ఎరిగినవారు ఆనాడు లేరనవచ్చు. అంతటివాడు కూడ పునాది లేని చోట ఉన్న సత్యాన్ని గుర్తించలేకపోయినాడు.

ఇప్పుడు పథాలున్నవి, సంభావ్యత ఉన్నది. లేనిది సమాకలనం. ప్రతిక్షణం ఒక రాశిని రేణువు చిన్న కదలికతో గుణించి, ఆ లబ్ధాలన్నిటినీ కూడాలి. ధరల భాషలో చెబితే, ప్రతిక్షణం చేతిలో ఎన్ని వాటాలున్నవో ధర మార్పుతో గుణించి కూడితే లాభనష్టాలు తెలుస్తవి. పాత సమాకలనం దీనికి పనికిరాదు. ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఒక సెకనును పదివేల భాగాలు చేయండి. ఒక్కొక్క భాగంలో కదలిక సుమారు నూరవ వంతు. పదివేల కదలికల మొత్తం పొడవు నూరు. పదిలక్షల భాగాలు చేస్తే ఒక్కొక్క కదలిక వేయవ వంతు, మొత్తం పొడవు వేయి. భాగాలు పెరిగిన కొద్దీ దారి పొడవు అంతులేకుండా పెరిగిపోతుంది. అంతులేని పొడవు గల దారి వెంట పాత పద్ధతిలో కూడితే మొత్తం ఒకచోట నిలువదు.

కాని అదే లెక్కలో ఒక ఆశారేఖ కూడ ఉన్నది. కదలికలకు బదులు కదలికల వర్గాలను కూడండి. పదివేల భాగాలలో ఒక్కొక్క వర్గం పదివేలవ వంతు, మొత్తం ఒకటి. పదిలక్షల భాగాలలో ఒక్కొక్కటి పదిలక్షలవ వంతు, మొత్తం మరల ఒకటి. ఎంత చిన్నగా తరిగినా వర్గాల మొత్తం గడచిన కాలానికి సమానమై నిలుస్తున్నది. న్యూటన్ విద్యలో విడిచిపెట్టిన వర్గం ఇక్కడ విడువరానిదైనది. రెండవ కీలకం కూడ ఊడిపోయినదన్నమాట. ఊడిన ఆ కీలకం చోటనే కొత్త విద్యకు ద్వారం తెరుచుకున్నది.

ఆ ద్వారం తెరచినవాడు జపాను దేశీయుడు కియోషీ ఇటో. 1915 సెప్టెంబరులో మీయే మండలంలో జన్మించి, 1938లో తోక్యో విశ్వవిద్యాలయంలో పట్టం పొందినాడు. తరువాత ప్రభుత్వ గణాంకశాఖలో ఉద్యోగిగా చేరి 1943 దాకా పనిచేసినాడు. అక్కడి తీరిక వేళలలో కొల్మొగోరొవ్, లెవీ గ్రంథాలను పట్టుదలతో చదివినాడు. లెవీ వ్రాతలలో అంతర్దృష్టి ఎక్కువ, వివరణ తక్కువ. వాటిని కొల్మొగోరొవ్ భాషలోనికి మార్చుకుంటూ పోవడమే ఇటోకు సాధన అయినది. ఆ సాధన ఫలితం 1942లో జపనీస్ భాషలో, చేతివ్రాతను సైక్లోస్టైల్ చేసి పంచే ఒక పత్రికలో వెలువడినది. 1944లో సమాకలనాన్ని గూర్చిన ఆరు పుటల వ్యాసం ఆంగ్లంలో వచ్చినది. అప్పటికి ప్రపంచం యుద్ధంలో మునిగి ఉన్నది. చదివినవారు స్వల్పం.

ఇటో చేసిన ఏర్పాటు న్యాయమైన జూదం వంటిది. పందెం ఒడ్డిన తరువాతనే నాణెం ఎగురవేయాలి. చిన్న కాలభాగంలో కదలికను గుణించే రాశి ఆ భాగం మొదట తెలిసినదే కావాలి, చివర తెలియబోయేది కారాదు. మామూలు కలన గణితంలో భాగం మొదటి విలువ తీసుకున్నా చివరి విలువ తీసుకున్నా తుదకు ఫలితం ఒక్కటే. ఇక్కడ ఆ రెండు మొత్తాల భేదం సరిగా కదలికల వర్గాల మొత్తమే, అంటే గడచిన కాలమే. కనుక ఎక్కడ విలువ తీసుకున్నామన్నది తప్పక చెప్పాలి. బడిలో ఒక రాశిని దానితోనే సమాకలనం చేస్తే వర్గంలో సగం వస్తుందని నేర్చుకుంటాము. ఇటో పద్ధతిలో రేణువు స్థానాన్ని దాని కదలికతో సమాకలనం చేస్తే, స్థానవర్గం నుంచి కాలాన్ని తీసివేసి మిగిలినదానిలో సగం వస్తుంది. ఈ అదనపు పదమే ఇటో సూత్రానికి ప్రాణం. పునాది చదువకుండా సూత్రాన్ని మాత్రం కంఠస్థం చేసినవానికి ఈ పదం ఎక్కడి నుంచి ఊడిపడినదో తెలియదు. కథను మొదటి నుంచి అనుసరించినవానికి అది రాకపోతేనే ఆశ్చర్యం.

ఇదే కాలంలో ఐరోపాలో మరొక యువకుడు ఇదే ద్వారాన్ని తట్టుతున్నాడు. అతని పేరు వుల్ఫ్‌గాంగ్ డోబ్లిన్. ఇటో పుట్టిన 1915లోనే, మార్చి నెలలో, బెర్లిన్‌లో పుట్టినాడు. తండ్రి ఆల్‌ఫ్రెడ్ డోబ్లిన్ ప్రసిద్ధ జర్మన్ నవలాకారుడు. యూదు కుటుంబం కావడం చేత 1933లో దేశం విడిచి పారిస్ చేరినారు. డోబ్లిన్ అక్కడ గణితం చదివి 1938లో డాక్టరు పట్టం పొందినాడు. యుద్ధం రాగానే ఫ్రెంచి సైన్యంలో సామాన్య సైనికుడుగా నిలిచినాడు. 1939–40 శీతకాలంలో లొరేన్ ప్రాంతపు శిబిరంలో, టెలిఫోను కాపలా కాస్తూ, బడిపిల్లల నోటుపుస్తకంలో తన పరిశోధనను వ్రాసుకున్నాడు. దానికి పెట్టిన పేరు కొల్మొగోరొవ్ సమీకరణాన్ని గూర్చి అన్నదే. 1940 ఫిబ్రవరిలో దానిని లక్కముద్ర వేసి పారిస్‌లోని విజ్ఞాన అకాడమీకి పంపినాడు. అటువంటి కవరును వ్రాసినవారో, వారి బంధువులో కోరితే తప్ప నూరేండ్ల దాకా తెరువరు. జూన్ 21న, జర్మన్ సేనలు తానున్న గ్రామాన్ని చుట్టుముట్టుతుండగా, కాగితాలను కాల్చివేసి డోబ్లిన్ ప్రాణత్యాగం చేసినాడు. అతని వయస్సు 25.

ఆ కవరు అరువది సంవత్సరాలు పడి ఉన్నది. బంధువుల అనుమతితో 2000 మే నెలలో దానిని తెరచినారు. బెర్నార్ బ్రూ, మార్క్ యోర్ అనే పండితులు దానిని పరిశీలించి అదే సంవత్సరం ప్రకటించినారు. ఇటో సూత్రానికి అతి సన్నిహితమైన సూత్రం అందులో ఉన్నది. తోక్యోలో గుమాస్తా బల్ల ముందు కూర్చున్న యువకునికీ, లొరేన్ చలిలో కాపలా కాచిన యువకునికీ పరిచయం లేదు. వారి దేశాలు వేరు, మార్గాలు కూడ వేరు. అయినా ఇద్దరూ దాదాపు ఒకే చోటికి చేరినారు. ఇద్దరి కాళ్ళ క్రింద ఉన్న నేల ఒక్కటే కావడం అందుకు కారణం. ఆ నేలను కొల్మొగోరొవ్, లెవీ సిద్ధం చేసి పెట్టినారు. బాషెలియే కాలంలో లేనిది ఇదే. అరువది ఏండ్ల తరువాత ఆ నోటుపుస్తకాన్ని తెరచినవారు వెంటనే చదువగలిగినారంటే, ఆ నేల ఇంకా విశాలమై ఉండడమే కారణం.

యుద్ధం తరువాత అమెరికాలో జోసెఫ్ డూబ్ 1953లో ప్రకటించిన బృహద్గ్రంథం ఇటో సమాకలనాన్ని లోకానికి పరిచయం చేసినది. న్యాయమైన జూదానికి గణితరూపమైన మార్టింగేల్ అన్న భావాన్ని డూబ్ ఈ విద్యకు మధ్యస్తంభంగా నిలిపినాడు. ఇటో స్వయంగా బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఉపన్యాసాలిచ్చినాడు. కె. మురళీధరరావు సంకలనం చేసిన ఆ ఉపన్యాసపాఠాన్ని ఆ సంస్థ 1960లో ప్రచురించినది.

కలకత్తాలోని భారత గణాంక సంస్థలో ఆ రోజులలోనే మరొక అధ్యాయం ప్రారంభమైనది. తెలుగు కుటుంబంలో పుట్టి, వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి. ఆర్. రావుగారు అక్కడ ఆచార్యులు. వారి స్వంత కృషి గణాంకశాస్త్రంలోనిది. కాని వారి పర్యవేక్షణలో పరిశోధన చేసిన శిష్యులలో మద్రాసులో పుట్టిన ఎస్. ఆర్. ఎస్. వరదన్ ఒకరు. పార్థసారథి, రంగారావు, వరదరాజన్ అనే సహాధ్యాయులతో కలిసి కొలత సిద్ధాంతాన్ని, ఆధునిక సంభావ్యతను ఒకరికొకరు బోధించుకుంటూ వారు నేర్చుకున్నారు. 1962లో కొల్మొగోరొవ్ ఆ సంస్థకు వచ్చినప్పుడు వరదన్ సిద్ధాంతవ్యాసానికి పరీక్షకుడుగా ఉండడం విశేషం. వరదన్ తరువాత న్యూయార్కులో స్ట్రూక్‌తో కలిసి ఇటో సమీకరణాలను మార్టింగేల్ దృష్టితో తిరిగి నిర్మించినారు. 2007లో వారికి ఆబెల్ బహుమానం లభించినది. సి. ఆర్. రావుగారు నూరేండ్లు దాటి జీవించి 2023లో కీర్తిశేషులైనారు.

ధనవిపణిలో మొదలైన కథ మరల అక్కడికే చేరినది. 1973లో బ్లాక్, షోల్స్, మెర్టన్ ఇటో సూత్రాన్ని ఉపయోగించి ఆప్షన్ ఒప్పందాలకు వెలకట్టే పద్ధతిని ప్రకటించినారు. 1997లో మెర్టన్, షోల్స్‌లకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ స్మారక బహుమానం వచ్చినది. బ్లాక్ అప్పటికి రెండేండ్ల క్రిందటనే గతించినాడు. ఇటోకు 2006లో తొలి గాస్ బహుమానం లభించినది. 2008లో ఆయన కన్నుమూసినాడు.

అయితే ఈ సూత్రాల వెనుక కొన్ని అంగీకారాలున్నవి. ధర ఎక్కడా తెగకుండా కదులుతుందనీ, దాని చాంచల్యం ఒకే తీరున ఉంటుందనీ ఆ లెక్క ముందుగానే ఒప్పుకుంటుంది. 1987 అక్టోబరు 19న న్యూయార్కులో డౌ జోన్స్ సూచి ఒక్క రోజులో 22.6 శాతం పడిపోయినది. ఆ అంగీకారాలను బట్టి చూస్తే అటువంటి రోజు లోకం పుట్టిన నాటి నుంచి ఒక్కసారి కూడ రాకూడదు. సూత్రం అబద్ధమని దీని అర్థం కాదు. అది ఏ నేల మీద నిలిచినదో ఎరిగినవాడు, ఆ నేల కదిలినప్పుడు జాగ్రత్తపడతాడు. సూత్రం మాత్రమే ఎరిగినవాడు ఇతరుల సొమ్ముతో సహా పడిపోతాడు. పునాది చదువు కేవలం పండితుల వేడుక కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

కనుక ఈ విద్యను కోరే విద్యార్థి చరిత్ర నడచిన వరుసలోనే నడవడం మంచిది. ముందు మామూలు కలన గణితాన్ని నిర్వచనాలతో సహా గట్టి చేసుకోవాలి. తరువాత నాణేల మీద, పాచికల మీద సంభావ్యతను చేతితో లెక్కకట్టి అలవాటు పడాలి. అటు పిమ్మట లెబెగ్ కొలత, దాని వెంట కొల్మొగోరొవ్ స్వీకృతాలు, తెలిసినదానిని బట్టి ఆశించే సగటు, న్యాయమైన జూదం వరుసగా రావాలి. అప్పుడు వీనర్ పథాలు, చివరకు ఇటో సమాకలనం. ప్రతి మెట్టు మీదా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది లేకపోతే ఎక్కడ పని ఆగిపోయేది? ఆ ప్రశ్నకు సమాధానం తోచినప్పుడే తరువాతి మెట్టు ఎక్కాలి. నూటపదునైదేండ్లలో పెద్దలు నడచిన దారిని శ్రద్ధ గల విద్యార్థి మూడు నాలుగేండ్లలో నడువగలడు. దారి వారు వేసి ఉంచినారు కాబట్టి మనకు మిగిలినది నడక మాత్రమే.